ఏ కాలపు హెవీవెయిట్ ఛాంపియన్ గొప్పవాడు: తేల్చుకునే ముందు చూడవలసినవి

1969లో మయామీలో రాకీ మార్సియానో, మహమ్మద్ అలీ కెమెరాల ఎదుట తలపడ్డారు. అప్పటికి మార్సియానో రింగు వదిలి పదమూడేళ్లు గడిచాయి. నలభై అయిదేళ్ల ఆ మనిషి ఒళ్లు తగ్గించుకుని, బట్టతల కనబడకుండా విగ్గు పెట్టుకుని వచ్చాడు. సైన్యంలో చేరనన్నందుకు అలీ టైటిల్‌ను అంతకు రెండేళ్ల ముందే లాక్కున్నారు, పోరాడే లైసెన్సు కూడా అతడికి లేదు. ఇద్దరూ తేలికపాటి దెబ్బలతో చాలా చిన్న రౌండ్లు ఆడగా వాటిని అతికి, కంప్యూటర్ తేల్చిన ఫలితమని చెప్పి 1970 జనవరిలో సినిమా హాళ్లలో ప్రదర్శించారు. అమెరికా ప్రేక్షకులు చూసిన ప్రతిలో మార్సియానో 13వ రౌండులో నాకౌట్‌తో గెలిచాడు. ఐరోపాలో కొన్నిచోట్ల చూపించిన ప్రతిలో అలీ గెలిచాడు. మార్సియానో ఈ రెండింటిలో దేన్నీ చూడలేదు, 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో మరణించాడు.

ఒకరినొకరు తమ మంచి వయసులో ఎన్నడూ ఎదుర్కోని ఇద్దరు ఛాంపియన్లను ఊహలో పోరాడించిన ప్రతిసారీ ఇలాగే జరుగుతుంది, ఫలితం ఊహించేవారి ఇష్టం వైపు వాలిపోతుంది. మనలో బాక్సింగ్ అంతగా చూడనివారికి కూడా మైక్ టైసన్ పేరు తెలుసు, 2022లో అతడు ఒక తెలుగు సినిమాలో కూడా కనిపించాడు. అందువల్ల మన సంభాషణల్లో మొదటి స్థానం టైసన్‌కు సులువుగా దక్కుతుంది, జో లూయిస్ పేరు అసలు ప్రస్తావనకే రాదు. విన్న పేరును బట్టి కాకుండా సాక్ష్యాన్ని బట్టి ఎంచుకోవాలనుకునే వారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. జో లూయిస్, లెనాక్స్ లూయిస్ అనే ఇద్దరి ఇంటిపేర్లనూ తెలుగులో ఒకే విధంగా రాయవలసి వస్తుంది కనుక, ఉత్త లూయిస్ అన్నచోట జో లూయిస్ అనీ, రెండో అతడిని లెనాక్స్ అని మాత్రమే పిలుస్తాననీ గుర్తుంచుకోవాలి.

"ఎవరు గొప్ప" అనే రెండు మాటల్లో మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. తన కాలంలో తోటివారి మీద ఎవరు ఎక్కువకాలం ఆధిపత్యం చూపారన్నది మొదటిది. గట్టి ప్రత్యర్థులను, వారు గట్టిగా ఉన్న సమయంలోనే, ఎవరు ఓడించారన్నది రెండోది. ఇద్దరినీ వారి వారి మంచి రోజుల్లో ఒకే రింగులో నిలబెడితే ఎవరు గెలుస్తారన్నది మూడోది. వాదనలు తెగకపోవడానికి కారణం ఒకరు మొదటి ప్రశ్నకు జవాబు చెబుతుంటే ఎదుటివారు మూడో ప్రశ్నకు చెబుతుండటమే. నేను రెండో ప్రశ్నకే ఎక్కువ విలువ ఇస్తాను. ఆధిపత్యం ఎంతకాలం సాగిందన్నది ఎదురుగా ఎవరున్నారన్నదాని మీద ఆధారపడుతుంది, ఊహాపోరును ఎవరూ పరీక్షించి చూడలేరు, కానీ ఎవరు ఎవరిని, ఎప్పుడు, ఏ స్థితిలో ఓడించారన్నది నమోదై ఉంది. అయితే ఆ నమోదును కూడా ఉన్నదున్నట్టు అంగీకరించే ముందు మూడు సంగతులు చూడాలి.

తలుపు మూసిన కాలం

అన్నిటికంటే ముందు చూడవలసింది, ఆ కాలంలో టైటిల్ కోసం పోరాడే అవకాశం ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది. పాత ఛాంపియన్ల పట్టికలు చదివేవారిలో ఎక్కువమంది దీన్ని దాటుకుని పోతారు. నా దృష్టిలో మిగిలిన కొలతలన్నీ దీని తరువాతివే.

1880ల నాటి ఛాంపియన్ జాన్ ఎల్. సల్లివన్ నల్లజాతి బాక్సర్లతో టైటిల్ పోరుకు దిగనని బాహాటంగానే చెప్పాడు. 1908 డిసెంబరు 26న సిడ్నీలో టామీ బర్న్స్‌ను ఓడించి జాక్ జాన్సన్ తొలి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అతడి చేతి నుంచి టైటిల్ లాక్కోవడానికి, అయిదేళ్లకు పైగా విశ్రాంతిలో ఉన్న తెల్లజాతి మాజీ ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్‌ను వెతికి తెచ్చి 1910 జూలై 4న రీనోలో నిలబెట్టారు. 15వ రౌండులో జాన్సన్ గెలిచాడు, ఆ రాత్రి అమెరికాలోని అనేక పట్టణాల్లో నల్లవారి మీద దాడులు జరిగాయి. 1915 ఏప్రిల్‌లో హవానాలో 26వ రౌండులో జెస్ విలర్డ్ చేతిలో జాన్సన్ ఓడిపోయాక, 1937లో లూయిస్ వచ్చేదాకా, అంటే 22 ఏళ్లపాటు, ఒక్క నల్లజాతి బాక్సర్‌కు కూడా హెవీవెయిట్ టైటిల్ కోసం పోరాడే అవకాశం ఇవ్వలేదు.

ఈ 22 ఏళ్ల లోపలే జాక్ డెంప్సీ కాలమంతా ఉంది. 1919 జూలై 4న టొలీడోలో తనకంటే సుమారు 58 పౌండ్లు ఎక్కువ బరువున్న విలర్డ్‌ను మొదటి రౌండులోనే ఏడుసార్లు పడగొట్టిన డెంప్సీ వేగాన్నీ కసినీ నేను తక్కువ చేయను. కానీ అతడు ఛాంపియన్‌గా ఉన్న ఏడేళ్లలో ముఖ్యమైన పోటీదారుగా అందరూ ఒప్పుకున్న నల్లజాతి బాక్సర్ హ్యారీ విల్స్‌తో అతడు ఒక్కసారి కూడా తలపడలేదు. ఆ పోరు జరగకపోవడంలో నిర్వాహకుల భయాలు, అధికారుల అడ్డంకులు ఎంతో ఉన్నాయి, దోషమంతా డెంప్సీదే అనలేము. అయినా పోలికలో లెక్కకు వచ్చేది జరిగిన పోరు మాత్రమే. 1923 సెప్టెంబరు నుంచి 1926 సెప్టెంబరు దాకా మూడేళ్లు అతడు టైటిల్‌ను పణంగా పెట్టనే లేదన్న సంగతి కూడా కలిపి చూస్తే, అతడిని మొదటి అయిదుగురిలో ఉంచడానికి నాకు మనసు ఒప్పదు.

ఇదే కొలత జాన్సన్‌కూ వర్తిస్తుంది, ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది. ఛాంపియన్ కాకముందు, 1906లో, అతడు మరో నల్లజాతి బాక్సర్ శామ్ లాంగ్‌ఫర్డ్‌ను ఓడించాడు. ఛాంపియన్ అయ్యాక లాంగ్‌ఫర్డ్‌కు మళ్లీ అవకాశం ఇవ్వలేదు. అతడు టైటిల్ పోరుకు అంగీకరించిన నల్లజాతి బాక్సర్ ఒక్కడే, 1913లో పారిస్‌లో బ్యాట్లింగ్ జిమ్ జాన్సన్, ఆ పోరు సమంగా ముగిసింది. లాంగ్‌ఫర్డ్ జీవితమంతా పోరాడి, హెవీవెయిట్ టైటిల్ కోసం ఒక్కసారి కూడా రింగులోకి దిగే అవకాశం దక్కకుండానే ముగించాడు. ఆ కాలపు పట్టిక చదివేటప్పుడు అందులో లేని పేర్లను కూడా మనసులో పెట్టుకుని చదవాలి.

పదిహేను రౌండ్లు, పన్నెండు రౌండ్లు

రెండో సంగతి నియమాలు. 1982 నవంబరులో కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ లాస్ వేగాస్‌లో 14వ రౌండులో కూలిపోయి, కొద్ది రోజులకే మరణించాడు. ఆ తరువాత, టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటైన ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ టైటిల్ పోరును 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించింది. 1980ల చివరికి మిగిలిన సంస్థలూ అదే దారి పట్టాయి. ఇది అవసరమైన మార్పు, అందులో సందేహం లేదు. కానీ కాలాలను పోల్చేవారికి ఇది ఎంత పెద్ద తేడా తెచ్చిందో రెండు పోరాటాలు చాలు, చెప్పడానికి.

1941 జూన్ 18న న్యూయార్క్‌లో లూయిస్‌కు ఎదురుగా నిలిచిన బిల్లీ కాన్ లైట్ హెవీవెయిట్ అనే కింది బరువు తరగతి నుంచి వచ్చినవాడు, లూయిస్‌కంటే పాతిక పౌండ్ల దాకా తక్కువ బరువున్నవాడు. 12 రౌండ్లు ముగిసేసరికి ఇద్దరు న్యాయనిర్ణేతల లెక్కలో అతడు ముందున్నాడు, మూడో లెక్క సమంగా ఉంది. 13వ రౌండులో కాన్ తప్పించుకు తిరగకుండా కొట్లాటకు దిగాడు, రౌండు ముగియడానికి రెండు సెకన్ల ముందు నాకౌట్ అయ్యాడు. 1952 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో మార్సియానో మొదటి రౌండులోనే కింద పడ్డాడు, 12 రౌండ్ల తరువాత ముగ్గురు నిర్ణేతల లెక్కలోనూ జెర్సీ జో వాల్కాట్‌కంటే వెనకబడి ఉన్నాడు. 13వ రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బతో వాల్కాట్‌ను పడగొట్టి ఛాంపియన్ అయ్యాడు. నేటి నియమాల ప్రకారమైతే కాన్ కొత్త ఛాంపియన్, వాల్కాట్ పాత ఛాంపియన్‌గానే మిగిలేవాడు, మార్సియానో పేరు పక్కన ఓటముల గడిలోని ఆ ప్రసిద్ధమైన సున్నా ఉండేది కాదు.

దీన్ని బట్టి పాతవారి గెలుపులు తక్కువవని అనుకోకూడదు. వారు 15 రౌండ్లకు తగిన ఊపిరితో, 15 రౌండ్లకు తగిన ఎత్తుగడతో దిగారు, చివరి మూడు రౌండ్లలో మనిషి ఏమవుతాడో వారికి తెలుసు. లెనాక్స్‌కో ఈ కాలపు ఛాంపియన్ టైసన్ ఫ్యూరీకో (మైక్ టైసన్ వేరు) ఆ పరీక్ష ఎదురు కాలేదు. కనుక ఊహాపోరు పెట్టేవారు ముందుగా ఎన్ని రౌండ్ల పోరో చెప్పాలి, అది చెప్పకుండా వాదించడం దండుగ. మూగ చిత్రాల కాలపు రీళ్లను తక్కువ వేగంతో చిత్రీకరించి ఎక్కువ వేగంతో నడపడం వల్ల జాన్సన్ కదలికలు తడబడుతున్నట్టు కనిపిస్తాయన్నది కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. సరైన వేగానికి తెచ్చిన ప్రతులు చూస్తే, ఎదుటివాడి చేతిని గాలిలోనే పట్టి ఆపే అతడి ఒడుపు స్పష్టంగా తెలుస్తుంది.

బరువు

హెవీవెయిట్‌కు పైహద్దు లేదు. అందువల్ల ఆ పేరు ఒకటే అయినా అందులోని మనుషులు మారిపోయారు. వాల్కాట్‌ను ఓడించిన రాత్రి మార్సియానో బరువు 184 పౌండ్లు, అంటే సుమారు 83 కిలోలు. జర్మన్ బాక్సర్ ష్మెలింగ్‌తో రెండో పోరులో లూయిస్ 200 పౌండ్లకు కూడా చేరలేదు. 2002లో టైసన్‌ను ఓడించినప్పుడు లెనాక్స్ బరువు 249 పౌండ్లు, 2024లో రియాద్‌లో ఫ్యూరీ 262 పౌండ్లు. 1980 ప్రాంతంలో క్రూజర్‌వెయిట్ అనే తరగతి వచ్చింది, దాని హద్దు ఇప్పుడు 200 పౌండ్లు. డెంప్సీ, మార్సియానో, ఇంకా యువకుడైన లూయిస్, వీరంతా ఈనాడు ఉంటే ఆ తరగతిలోనే పోరాడేవారు.

184 పౌండ్ల మనిషిని, ఆరు అడుగుల అయిదు అంగుళాల ఎత్తూ 249 పౌండ్ల బరువూ ఉన్న లెనాక్స్ ఎదుట నిలబెట్టి ఎవరు గెలుస్తారని అడగడం ఇద్దరినీ అవమానించడమే. నా సలహా ఏమిటంటే, మూడో ప్రశ్న వేయాలనుకునేవారు దాన్ని రెండు ముక్కలు చేసి, 200 పౌండ్ల లోపువారిని ఒక గుంపుగా, పైవారిని మరో గుంపుగా పోల్చుకోవాలి. రెండు గుంపుల మధ్య వంతెన లాంటివాడు ఒకడున్నాడు, అతడి సంగతి కిందికి వస్తుంది.

లూయిస్, మార్సియానో

మొదటి ప్రశ్నకు, అంటే ఆధిపత్యానికి, లూయిస్‌ను మించిన జవాబు లేదు. 1937 జూన్ 22న షికాగోలో జేమ్స్ బ్రాడక్‌ను ఓడించినప్పటి నుంచి 1949లో తనంతట తాను టైటిల్ వదిలేదాకా దాదాపు పన్నెండేళ్లు, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1940 డిసెంబరు నుంచి 1941 జూన్ వరకు ఏడు నెలల్లో ఏడుసార్లు టైటిల్‌ను పణంగా పెట్టాడు. ఈనాటి ఛాంపియన్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు దిగుతున్నారని గుర్తుచేసుకుంటే ఆ ఏడు నెలలు ఎంతటివో తెలుస్తాయి. ఆ ప్రత్యర్థులలో బలహీనులు ఉన్నారన్న విమర్శ నిజమే. అయితే అంతకు ముందూ వెనకా అతడు ఓడించినవారిలో ప్రైమో కార్నెరా, మాక్స్ బేర్, జాక్ షార్కీ, బ్రాడక్, ష్మెలింగ్, వాల్కాట్ ఉన్నారు. ఈ ఆరుగురూ ఏదో ఒక కాలంలో ప్రపంచ ఛాంపియన్లు.

లూయిస్‌ను నేను ఎక్కువగా గౌరవించేది ఒక ఓటమి వల్ల. 1936 జూన్‌లో జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్, ఎడమచేతి జాబ్ (చేయి నేరుగా చాచి చటుక్కున కొట్టే దెబ్బ) వేశాక లూయిస్ ఆ చేతిని కిందికి జార్చడం గమనించి, ఆ సందులో కుడిచేతితో మళ్లీ మళ్లీ కొట్టి 12వ రౌండులో నాకౌట్ చేశాడు. రెండేళ్ల తరువాత 1938 జూన్ 22న, హిట్లర్ జర్మనీ ఆ పోరును తన గౌరవంగా ప్రచారం చేసుకుంటున్న వేళ, యాంకీ స్టేడియంలో లూయిస్ అదే మనిషిని 124 సెకన్లలో ముగించాడు. ఆ రెండు నిమిషాల చిత్రాన్ని చూసేవారు దెబ్బల బలం కంటే అవి ప్రయాణించిన దూరాన్ని గమనించాలి. మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచి, ఆరేడు అంగుళాల దూరంలో నుంచి, ఒకదాని వెంట ఒకటిగా వేసిన దెబ్బలవి. అంత పొదుపుగా, అంత పూర్తిగా కొట్టిన హెవీవెయిట్‌ను నేను మరొకరిని చూడలేదు. 1942లో రెండు టైటిల్ పోరాటాల సొమ్మును నౌకాదళ, సైనిక సహాయ నిధులకు ఇచ్చి తాను కూడా సైన్యంలో చేరినందువల్ల, మంచి వయసులోని నాలుగేళ్లు అతడి లెక్కలో దాదాపు ఖాళీగా ఉన్నాయి.

మార్సియానో గురించి చెప్పేటప్పుడు రెండు తప్పులు జరుగుతుంటాయి. 49 పోరాటాలు, 49 గెలుపులు, 43 నాకౌట్లు అన్న అంకెలు చూసి వెంటనే అందరికంటే పైన కూర్చోబెట్టడం ఒక తప్పు. అతడు ఓడించిన పెద్ద పేర్లలో లూయిస్‌కు అప్పటికి 37 ఏళ్లు, వాల్కాట్‌కు 38, ఆర్చీ మూర్ నలభైకి దగ్గర పడ్డాడు, ఎజార్డ్ చార్ల్స్ తన అత్యుత్తమ పోరాటాలను లైట్ హెవీవెయిట్‌లో ముగించుకుని వచ్చాడు. ఈ వయసులు చూపించి అతడిని పూర్తిగా కొట్టివేయడం రెండో తప్పు. 1954లో చార్ల్స్‌తో జరిగిన రెండో పోరులో అతడి ముక్కు నిలువునా చీలింది, పోరు ఆపేస్తారేమోనన్న స్థితిలో ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. అయిదు అడుగుల పది అంగుళాల ఎత్తు, పొట్టి చేతులు, అందం లేని కదలిక, ఇవన్నీ ఉన్నా ప్రతి పోరులోనూ ఎదుటివాడి చేతుల మీదే, భుజాల మీదే కొట్టి కొట్టి, చివరి రౌండ్లకు వాటిని ఎత్తలేని స్థితికి తెచ్చేవాడు. ఓటమి లేకపోవడాన్ని ఒక గుణంగా లెక్కించేవారు అతడినే ఎంచుకోవాలి. నేను మాత్రం ఓడిపోయి తిరిగి గెలవడాన్ని ఎక్కువగా లెక్కిస్తాను. కనుక లూయిస్ కిందనే అతడిని ఉంచుతాను.

అలీ

అలీ ఒకడు కాదు, ఇద్దరు. 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌ను ఆరు రౌండ్ల తరువాత స్టూలు మీద నుంచి లేవకుండా చేసినవాడు, 1966 నవంబరులో క్లీవ్‌లాండ్ విలియమ్స్ చుట్టూ తిరుగుతూ మూడు రౌండ్లలో ముగించినవాడు మొదటి అలీ. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్లనని నిరాకరించి, 25 నుంచి 28 ఏళ్ల దాకా మూడున్నరేళ్లు రింగుకు దూరమై, 1970 అక్టోబరులో నెమ్మదించిన కాళ్లతో తిరిగి వచ్చినవాడు రెండో అలీ. ఎక్కువమంది మొదటి అలీనే ఉత్తముడంటారు. ఒక్క రాత్రి పోరుకైతే నేనూ అతడినే ఎంచుకుంటాను. 210 పౌండ్ల బరువుతో మిడిల్‌వెయిట్ వేగంతో కదిలిన హెవీవెయిట్ అతడే. కానీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పింది రెండో అలీ.

1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజర్ అతడిని 15వ రౌండులో మోచేయి వంచి పక్కనుంచి కొట్టే ఎడమ హుక్ దెబ్బతో పడగొట్టి పాయింట్ల మీద గెలిచాడు. 1973 జనవరిలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ అదే ఫ్రేజర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. 1974లో కెన్ నార్టన్‌ను కూడా, అంటే అంతకు ముందు ఏడాది అలీ దవడ విరగగొట్టినవాడిని, రెండు రౌండ్లలోనే ముగించాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని మన సామెత. ఇక్కడ ఆ తలదన్నడం చుట్టూ తిరిగి మొదటికే వచ్చింది. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో, 40 పోరాటాల్లో ఓటమి ఎరుగని 25 ఏళ్ల ఫోర్‌మన్‌ను 32 ఏళ్ల అలీ ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. తాళ్లకు ఆనుకుని దెబ్బలు తినడం చాలామందికి గుర్తుంది. కానీ మొదటి రౌండులో అతడు జాబ్ లేకుండా నేరుగా కుడిచేతితో ఎన్నిసార్లు ముందు కొట్టాడో, దగ్గరికి వచ్చినప్పుడల్లా ఫోర్‌మన్ మెడ మీద ఎంత బరువు వేశాడో గమనిస్తే ఆ గెలుపు వెనక ఎంత ఆలోచన ఉందో అర్థమవుతుంది. మరుసటి ఏడాది మనీలాలో ఫ్రేజర్‌తో 14 రౌండ్లు పోరాడాడు, 15వ రౌండుకు ఫ్రేజర్‌ను అతడి శిక్షకుడు లేవనివ్వలేదు.

ఫ్లాయిడ్ ప్యాటర్సన్, ఫ్రేజర్, ఫోర్‌మన్, లియాన్ స్పింక్స్, ఈ నలుగురు ఒలింపిక్ స్వర్ణ విజేతలనూ వృత్తి పోరాటంలో ఓడించిన ఛాంపియన్ అలీ. లిస్టన్, నార్టన్ దానికి అదనం. మరే కాలంలోనూ ఒక ఛాంపియన్ ఎదుట ఇంతమంది గట్టివారు, వారి మంచి వయసులో నిలబడలేదు. అతడి లెక్కలో తేడాలూ ఉన్నాయి. నార్టన్‌తో 1976లో జరిగిన మూడో పోరు నార్టన్ గెలిచాడని అనేకులు ఇప్పటికీ అంటారు, అదే ఏడాది జిమ్మీ యంగ్ మీద గెలుపు కూడా అలాంటిదే. ఆపవలసిన సమయంలో ఆపకుండా, 1980లో లారీ హోమ్స్ చేతిలో నిస్సహాయంగా దెబ్బలు తిన్నాడు. ఆ రాత్రి చిత్రాన్ని నేను ఎవరికీ చూడమని చెప్పను.

టైసన్ నుంచి ఉసిక్ దాకా

టైసన్‌ను ఇష్టపడేవారు కొలత ఒకటి జాగ్రత్తగా ఎంచుకోవాలి. 1986 నవంబరు 22న 20 ఏళ్ల వయసులో ట్రెవర్ బెర్బిక్‌ను ఓడించి అతి పిన్న హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1988 జూన్ 27న, అప్పటిదాకా ఓటమి లేని మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించాడు. ఆ రెండేళ్లలో తలను పక్కలకు ఊపుతూ లోపలికి దూరి, ఒంటికీ గడ్డానికీ వెంటవెంటనే కొట్టిన వేగానికి సాటి చెప్పడం కష్టం. అత్యున్నత శిఖరం మాత్రమే కొలత అయితే అతడిని మొదటి ముగ్గురిలో చేర్చవచ్చు. కానీ 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో ఎవరూ అవకాశం ఇవ్వని బస్టర్ డగ్లస్ చేతిలో పడిపోయాక, మరో ఛాంపియన్ ఇవాండర్ హోలీఫీల్డ్ రెండుసార్లు, లెనాక్స్ ఒకసారి అతడిని ఓడించారు. కింద పడిన ఏ పోరులోనూ అతడు లేచి గెలవలేదు. తనను ఓడించిన మనిషిని తిరిగి ఓడించిన సందర్భం కూడా అతడి లెక్కలో లేదు.

ఆ పని చేసినవాడు లెనాక్స్. 1994లో ఆలివర్ మెకాల్ చేతిలో, 2001లో హసీం రహమాన్ చేతిలో నాకౌట్ అయ్యాడు, ఇద్దరినీ మళ్లీ ఎదుర్కొని ఇద్దరినీ ఆపాడు. హోలీఫీల్డ్‌తో 1999 మార్చిలో జరిగిన పోరు సమమని ప్రకటిస్తే, నవంబరులో మళ్లీ దిగి గెలిచి తిరుగులేని ఛాంపియన్, అంటే ప్రధాన సంస్థలన్నిటి టైటిళ్లూ ఉన్నవాడు, అయ్యాడు. తాను ఎదుర్కొన్న ప్రతివాడినీ ఏదో ఒక పోరులో ఓడించి, 2003లో చివరిగా విటాలీ క్లిచ్కో మీద గెలిచి విరమించుకున్నాడు. పొడవైన జాబ్, దాని వెనక కుడిచేయి, 240 పౌండ్లను దాటిన శరీరం, వీటితో 12 రౌండ్ల ఊహాపోరులో ఎవరి మీద పందెం కట్టాలని అడిగితే నేను లెనాక్స్ పేరే చెబుతాను. ఆ పోరులో కూడా 1966 నాటి అలీ కాళ్ల వేగం ముందు నాకు కొంత అనుమానం ఉంటుందని ఒప్పుకోవాలి.

హోమ్స్ గురించి ఒక్క మాట. 48 గెలుపుల తరువాత, మార్సియానో లెక్కను అందుకోవలసిన పోరులో, 1985లో మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడిపోకపోయి ఉంటే అతడి పేరు ఇంకా పైన వినిపించేది. అంత మంచి జాబ్ ఉన్న మనిషికి దక్కవలసిన గౌరవం దక్కలేదు. వ్లదీమిర్ క్లిచ్కో తొమ్మిదేళ్లకు పైగా ఛాంపియన్‌గా ఉన్నాడు, కానీ ఆ కాలంలో అతడి తరువాత గట్టివాడు సొంత అన్న విటాలీయే, అన్నదమ్ములు తలపడబోమని తల్లికి మాట ఇచ్చారు. అందువల్ల అతడి కాలాన్ని లూయిస్ కాలంతో సమానంగా తూచలేము.

రెండు గుంపుల మధ్య వంతెన అని ముందు చెప్పిన మనిషి ఒలెక్సాండర్ ఉసిక్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు, 2018లో క్రూజర్‌వెయిట్ బెల్టులన్నీ ఒకచోట చేర్చాడు, అదీ రీగా, మాస్కో లాంటి పరాయి నగరాల్లో గెలిచి. తరువాత పై తరగతికి వచ్చి 2021లో లండన్‌లో ఆంటొనీ జాషువాను, 2024 మే 18న రియాద్‌లో తనకంటే దాదాపు 40 పౌండ్లు బరువైన ఫ్యూరీని ఓడించి, లెనాక్స్ తరువాత తొలిసారి తిరుగులేని హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. డిసెంబరులో ఫ్యూరీని మళ్లీ ఓడించాడు, 2025 జూలైలో వెంబ్లీలో డేనియల్ డుబోయిస్‌ను అయిదో రౌండులో పడగొట్టాడు. చిన్నవాడు పెద్దవాడిని ఎలా ఓడించగలడన్న ప్రశ్నకు ఊహలు అవసరం లేని జవాబు ఇతడి పోరాటాలు. ఎడమచేతి వాటంతో కోణాలు మారుస్తూ, ఎదుటివాడిని ప్రతి క్షణం కాళ్లు సర్దుకునేలా చేసి, తొమ్మిదో రౌండు నాటికి ఆ బరువునే అతడికి భారం చేస్తాడు. 223 పౌండ్ల ఉసిక్ 262 పౌండ్ల ఫ్యూరీని దాటగలిగాడు కనుక, 199 పౌండ్ల లూయిస్‌కు నేటి పెద్దవారి ముందు అవకాశమే లేదనడం సరికాదు. 184 పౌండ్ల మార్సియానో విషయంలో మాత్రం ఆ దూరం మరీ ఎక్కువ.

ఇక ఎంపిక

ఆధిపత్యం ముఖ్యమనుకునేవారు లూయిస్‌ను, ఓటమి లేని లెక్క ముఖ్యమనుకునేవారు మార్సియానోను, నేటి నియమాలతో ఊహాపోరు కావాలనుకునేవారు లెనాక్స్‌ను, రెండు మూడేళ్ల శిఖరాన్ని మాత్రమే చూసేవారు 1966 నాటి అలీని లేదా 1988 నాటి టైసన్‌ను ఎంచుకోవచ్చు, ఏ ఎంపికకైనా ఆధారం ఉంది. ఒక్క పేరు చెప్పమంటే నేను అలీ అంటాను, ముఖ్యంగా 1971 నుంచి 1975 వరకు ఉన్న అలీ. వెంటనే అతడి పక్కన లూయిస్‌ను నిలబెడతాను. ఆ ఇద్దరి మధ్య దూరం చాలా తక్కువ. అభిప్రాయం మార్చుకోవలసి వస్తే నేను లూయిస్ వైపే జరుగుతాను. మూడో స్థానానికి లెనాక్స్, ఉసిక్‌ల మధ్య నా మనసు ఇంకా ఊగుతోంది.

నా మాట మీద నమ్మకం పెట్టుకోకుండా సొంతంగా తేల్చుకోవాలనుకునేవారు 1941 నాటి లూయిస్, కాన్ పోరుతో మొదలుపెట్టాలి. వ్యాఖ్యాత గొంతు వినబడకుండా చేసి, ప్రతి రౌండు తరువాత ఎవరు గెలిచారనుకుంటున్నారో కాగితం మీద రాసుకుని, 12వ రౌండు ముగియగానే చిత్రాన్ని ఆపి కూడిక చూసుకోవాలి. ఆ తరువాతే 13వ రౌండు చూడాలి.